స్టీరింగ్ చెప్పే మాట

టీవీ ముందు కుర్చీ వేసుకుని, భోజనాల బల్లకి ఒక స్టీరింగ్ చక్రం బిగించి, కాళ్ళ దగ్గర మూడు పెడళ్ళు పెట్టుకుని కారు పందేలాడే కుర్రాళ్ళు మన గంజాం జిల్లా తెలుగు ఇళ్ళల్లో కూడా కనిపిస్తున్నారు. వెనకనుంచి చూసే పెద్దవాళ్ళకి అదొక వీడియో ఆట, అంతే. "పుస్తకం తియ్యరా అంటే బండి తీస్తాడు" అని విసుక్కుని వంటింట్లోకి వెళ్ళిపోతారు. ఆ చక్రం లోపల ఒక మోటారు ఉందనీ, అది పిల్లవాడి చేతులతో మాట్లాడుతోందనీ, ఆ మాట సరిగ్గా వినబడాలంటే కొన్ని అంకెలు సరిచూసుకోవాలనీ వాళ్ళకి తెలియదు. కొనుక్కున్న పిల్లల్లోనే చాలామందికి తెలియకపోవడం అసలు విచిత్రం. వంటలు, వ్రతాల పేజీల మధ్య ఈ గోలేమిటి అనుకోకుండా కాస్త ఓపిక పట్టి చదవమని మనవి. డబ్బుతో ముడిపడిన వ్యవహారం కనుక బ్యాంకువాడు రాసినా తప్పులేదు.

ఆట కదా అని తీసిపారేయడానికి వీల్లేదు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా-ఇ విద్యుత్ కార్ల పందెం జరిగింది. ఒక్కో చుట్టు సుమారు 2.8 కిలోమీటర్లు, 18 మలుపులు. మామూలు రోజుల్లో మనవాళ్ళు స్కూటర్లమీద తిరిగే రోడ్లే అవి. ఫార్ములా-ఇ అక్కడికి రావడం అదే మొదటిసారి. ఇలాంటి వీధి పందేలకి ముందుగా వెళ్ళి సాధన చేసుకుందామంటే కుదరదు, ఊరి రోడ్డు ఊరివాళ్ళది కదా! అందుకే ఆ డ్రైవర్లు తమ జట్ల సిమ్యులేటర్లలో కూర్చుని కొత్త ఊరి మలుపుల్ని ముందే చేతికి అలవాటు చేసుకుంటారు. ఆ రోజు గెలిచినవాడు ఫ్రాన్సు దేశపు వెర్న్. మరుసటి ఏడాది మళ్ళీ జరగవలసిన పందెం రద్దయిపోయింది, అది వేరే కథ. ఇంకో సంగతి: 2011లో నిస్సాన్ కంపెనీ, గ్రాన్ టూరిస్మో ఆటవాళ్ళు కలిసి పెట్టిన పోటీలో నెగ్గిన మార్డెన్‌బరో అనే బ్రిటిష్ కుర్రవాడు, రెండేళ్ళు తిరక్కుండా లె మాన్స్ 24 గంటల పందెంలో తన తరగతిలో మూడోస్థానం తెచ్చుకున్న జట్టులో నిజం కారు నడిపాడు. అందరు పిల్లలూ అలా అవుతారని నేను చెప్పను. లక్షల్లో ఒకడు.

మరి ఆ చక్రంలో ఏం జరుగుతుంది? చేతులు వదిలేసి సైకిల్ తొక్కే కుర్రాళ్ళని మీరు చూసే ఉంటారు. ముందు చక్రం తనంతట తానే తిన్నబడుతుంది. కారు ముందు చక్రాలకీ ఆ గుణం ఉంది. మలుపులో మనం స్టీరింగ్ తిప్పితే, తిరిగి తిన్నగా వచ్చేద్దామని అది చేతిని లాగుతూ ఉంటుంది. ఈ లాగుడు సగం ఇరుసు బిగింపులోని వాలువల్ల వస్తే, సగం టైరువల్ల వస్తుంది. టైరు రోడ్డుని తాకేది అరచెయ్యంత మేర. మలుపులో ఆ అరచెయ్యిలో వెనకభాగమే ఎక్కువ పని చేస్తుంది. వేగం మితిమీరినప్పుడు ముందుగా జారడం మొదలెట్టేదీ ఆ వెనకభాగమే. అది జారగానే స్టీరింగ్ బరువు తగ్గుతుంది. టైరు పూర్తిగా పట్టు తప్పడానికి కాస్త ముందే ఆ తేలికదనం చేతికి తెలిసిపోతుంది. డ్రైవరుకి బండి ఇచ్చే హెచ్చరిక అదే.

నిజం కారులో అయితే ఒళ్ళంతా సాక్ష్యం చెబుతుంది. సీటు ఒక పక్కకి తోస్తుంది, కడుపులో తిప్పుతుంది. సిమ్యులేటర్లో కుర్చీ కదలదు. కన్ను, చెవి, చెయ్యి, ఈ మూడే. అందుకని టైరు మీద పడే బలాన్ని సెకనుకి వందలసార్లు లెక్కకట్టి, చక్రంలోని మోటారుకి పంపిస్తారు. దీన్నే ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ అంటున్నారు. లెక్క ఎంత బాగా కట్టినా, చెయ్యి దాకా చేరేలోపు చెడిపోతే ప్రయోజనం సున్న.

మా అక్కగారిది ఖల్లికోట. వాళ్ళబ్బాయి డిగ్రీ రెండో ఏడాది. ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బుతో లాజిటెక్ జీ29 అనే చక్రం సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కున్నాడు. నాలుగు నెలలు తిరిగేసరికి అది చాలదన్నాడు. డైరెక్ట్ డ్రైవ్ అనే కొత్తరకం కావాలన్నాడు. పాతదాని ధరకి ఎన్నో రెట్లు. అక్కగారు మెడలో గొలుసు తాకట్టు పెట్టే ఆలోచనలో పడి, "గోల్డ్ లోన్‌కి వడ్డీ ఎంతవుతుందిరా తమ్ముడూ?" అని ఫోను చేసింది. వస్తువు చూడకుండా అప్పు సంగతి మాట్లాడే అలవాటు నాకు లేదు. ఆదివారంనాడు బయల్దేరి వెళ్ళాను.

"మావయ్యా, దీనికి బలం లేదు. అన్నీ నూటికి నూరు పెట్టేశాను. అయినా టైరు ఎప్పుడు జారుతోందో తెలియడం లేదు. మణికట్టు మాత్రం నొప్పెడుతోంది" అన్నాడు వాడు.

మంచంమీద కూర్చుని వింటున్న మా బావగారు లేచి వచ్చారు. ఆయన విశాఖపట్నానికీ కటకానికీ మధ్య ముప్ఫై ఏళ్ళు లారీ తోలిన మనిషి. ఇప్పుడు కంటిచూపు మందగించి బండి ముట్టుకోవడం మానేశారు. "ఏదీ, ఇలా తే" అని కుర్చీలో కూర్చుని, కొడుకు పక్కనుండి దారి చెబుతుంటే రెండు చుట్లు తిప్పారు. తరువాత ఆయన అన్న మాట నాకు నచ్చింది. "ఇది అరుస్తోందిరా, మాట్లాడటం లేదు. మలుపులోకి వెళ్ళేటప్పుడూ అంతే బరువు, జారిపోయేటప్పుడూ అంతే బరువు. ఏ బండీ ఇలా ఉండదు." పవర్ స్టీరింగ్ లేని రోజుల్లో, ఇప్పుడు ఎన్.హెచ్. 16 అంటున్న పాత 5వ నెంబరు రోడ్డుమీద, రంభ దగ్గర వాననీళ్ళు నిలిచినచోట స్టీరింగ్ ఒక్కసారిగా దూదిలా అయిపోయేదట. అలా అయిందంటే టైరుకింద రోడ్డు లేదు, నీళ్ళున్నాయని అర్థం. బ్రేకు తొక్కకూడదు, చక్రం గిరుక్కున తిప్పకూడదు, యాక్సిలరేటరు మీదనుంచి కాలు మెల్లిగా తియ్యాలి. "ఆ దూది దీంట్లో ఏదిరా?" అన్నారు.

ఆ దూది ఎక్కడికి పోయిందో చెబుతాను. మన బరంపురంలో రెండేళ్ళకోసారి వచ్చే ఠాకురాణి యాత్రలో మైకుసెట్లు మీకు తెలిసినవే. పెద్దగా వినబడాలని శబ్దం ఆఖరిదాకా తిప్పేస్తే ఏమవుతుంది? పాట పోయి రొద మిగులుతుంది. హెచ్చుస్వరమూ తగ్గుస్వరమూ ఒకటే అయిపోతాయి. జీ29లోని మోటార్లు ఇవ్వగలిగిన గరిష్ఠ బలం సుమారు 2 న్యూటన్ మీటర్లు. పందెం కారు స్టీరింగ్‌లో పుట్టే బలం దానికి ఎన్నో రెట్లు ఉండవచ్చు. కనుక ఆట ఆ బలాన్ని తగ్గించి పంపాలి. గెయిన్ అనే అంకె చేసే పని అదే. మనవాడు దాన్ని 100 పెట్టాడు. ఓ మాదిరి మలుపుకే మోటారు తన హద్దు తాకేస్తోంది. ఆపైన బలం పెరిగినా, తగ్గినా, హద్దుకి పైన జరిగే మార్పు ఏదీ చేతికి రాదు. దీనికి క్లిప్పింగ్ అని పేరు. పది కిలోల తూకం దాటని కాటామీద పన్నెండు కిలోలు పెట్టినా, పదిహేను పెట్టినా ముల్లు పది దగ్గరే నిలబడుతుంది కదా, సరిగ్గా అలాగే. మలుపులో బరువు పదిహేను నుంచి పదకొండుకి పడిపోయిన క్షణమే బావగారు చెప్పిన దూది. కాటా దాన్ని చూపించలేదు.

వాడు ఆడేది అసెట్టో కోర్సా అనే ఇటలీవాళ్ళ ఆట, 2014లో వచ్చింది. అందులో తెరమీద పెడళ్ళ పక్కన స్టీరింగ్ బలం చూపించే సన్నని పట్టీ ఒకటి ఉంటుంది. బలం హద్దు తాకితే ఎర్రబడుతుంది. వేగంగా తిరిగే పొడుగాటి మలుపులో దాన్ని చూస్తూ గెయిన్ తగ్గించుకుంటూ రావాలి. మలుపంతా ఎర్రగా ఉంటే చాలా ఎక్కువైనట్టు. రోడ్డు అంచు గట్లెక్కినప్పుడు మాత్రం క్షణకాలం ఎర్రబడితే సరిపోయినట్టు. మేము 65 దగ్గర ఆగాం. ఈ 65 మీరు రాసి పెట్టుకోకండి, కారు మారితే అంకె మారుతుంది. ఆటలో ఒక్కొక్క కారుకి విడిగా తగ్గించుకునే వీలుంది, అదే వాడుకోవాలి. మొదటి అరగంట మావాడికి చక్రం చప్పగా ఉందనిపించి ముందుకన్నా నెమ్మదిగా తిరిగాడు. సాయంత్రం టీ వేళకి, "మావయ్యా, ఇప్పుడు జారబోయే ముందే తెలుస్తోంది" అన్నాడు. గొలుసు అక్కగారి మెడలోనే ఉంది. డైరెక్ట్ డ్రైవ్ మీద వాడి కోరిక మాత్రం చావలేదు, చావనక్కరలేదు కూడా. ఆ రకంలో మోటారు ఇరుసుకే చక్రం బిగిస్తారు, మధ్యలో పళ్ళచక్రాలు, బెల్టులు ఉండవు. 2021లో ఫనాటెక్ వాళ్ళు తెచ్చిన చిన్నరకమే 5 న్యూటన్ మీటర్లు ఇస్తుంది. సూక్ష్మమైన కదలికలు దానిలో ఇంకా బాగా తెలుస్తాయి, సందేహం లేదు. సంపాదన మొదలయ్యాక కొనుక్కుంటాడు.

గెయిన్ తరువాత చూడవలసింది కనిష్ఠ బలం, మినిమం ఫోర్స్ అంటారు. జీ29లాంటి పళ్ళచక్రాల రకంలో చిన్న చిన్న బలాలు ఆ పళ్ళ రాపిడిలోనే ఖర్చయిపోతాయి. అందుకే తిన్నని రోడ్డుమీద చక్రం మధ్యలో వదులుగా, ప్రాణం లేనట్టు ఉంటుంది. ఈ అంకె పెంచితే ఆ చిన్న బలాలకి కొంచెం ఎదురుపెట్టుబడి చేర్చినట్టవుతుంది. ఒక్కొక్క శాతం చొప్పున పెంచుతూ పోవాలి. తిన్నగా వెళ్తుండగా చేతులు సడలిస్తే చక్రం తనంతట తాను అటూ ఇటూ వణికిందంటే ఎక్కువైందన్నమాట, రెండడుగులు వెనక్కి రావాలి. బెల్టు రకాలకి ఇది చాలా తక్కువ చాలు, డైరెక్ట్ డ్రైవ్‌కి దాదాపు అవసరమే లేదు.

సెంటరింగ్ స్ప్రింగ్ అని ఇంకోటి ఉంది. ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ తెలియని పాత ఆటలకోసం పెట్టిన సదుపాయం అది. టైరు ఏం చేస్తున్నా సరే, చక్రాన్ని మధ్యకి లాగడమే దాని పని. నిజం చెప్పేవాడి పక్కన అబద్ధాలవాణ్ణి కూర్చోబెట్టినట్టు. సున్న చెయ్యండి. డ్యాంపర్ అనేది చక్రాన్ని తేనెలో తిప్పినట్టు బరువెక్కిస్తుంది, వణుకు మానకపోతే తప్ప దాని జోలికి పోవద్దు. రోడ్డు గతుకులు, అంచు గట్లు, జారుడు అంటూ విడివిడిగా కనిపించే ఎఫెక్టులు చాలావరకు పైన అద్దిన రంగులు. సరదాకి ఓ పిసరు ఉంచుకోవచ్చు గానీ, మోటారు బలమంతా వాటికే పెడితే అసలు మాటకి చోటుండదు.

చక్రం ఎన్ని డిగ్రీలు తిరగాలన్నది నిజానికి వీటన్నిటికన్నా ముందు తేల్చుకోవాలి. జీ29 మొత్తం 900 డిగ్రీలు తిరుగుతుంది, అంటే ఈ చివరనుంచి ఆ చివరకి రెండున్నర చుట్లు. మన ఇళ్ళ కార్లూ ఇంచుమించు అలాగే. లారీకి ఇంకా ఎక్కువ, ఫార్ములా కార్లకి చాలా తక్కువ. కంప్యూటర్లో చక్రం సొంత సాఫ్ట్‌వేర్లో 900 ఉంచేసి, ఏ కారుకి ఎంతో ఆటనే తేల్చుకోనివ్వడం మంచిది. రెండు చోట్లా రెండు అంకెలుంటే, మీ చెయ్యి పావుచుట్టు తిరిగితే తెరమీద చెయ్యి అరచుట్టు తిరుగుతుంది. పుస్తకాలు రెండు రాసేవాడి లెక్కలాగా ఎప్పటికీ టాలీ కాదు. ఇంకొకటి, వైరు తగిలించగానే చక్రం ఆ చివరకీ ఈ చివరకీ తానే తిరిగి మధ్య ఎక్కడో చూసుకుంటుంది. ఆ కాసేపు చేతులు దూరంగా ఉంచాలి. పట్టుకుంటే మధ్య తప్పుతుంది.

బల్ల సంగతి ఎవరూ పట్టించుకోరు. ఊగే బల్లకి బిగిస్తే మోటారు బలంలో కొంత బల్ల తినేస్తుంది. మా అక్కగారింట్లో బల్ల కాలికింద అట్టముక్క దోపితే గానీ కుదురుకోలేదు.

చిన్నపిల్లలున్న ఇళ్ళవారికి ప్రత్యేకంగా చెప్పేది ఒకటుంది. బలమైన డైరెక్ట్ డ్రైవ్ చక్రం, ఆటలో కారు గోడకి గుద్దుకున్నప్పుడు గిర్రున తిరిగి వేళ్ళు విరిచేయగలదు. బొటనవేళ్ళు చక్రం ఆకుల లోపలికి దోపకుండా పైనే ఉంచడం నేర్పాలి. బలం తగ్గించి ఇవ్వాలి. ఆపే మీట చేతికందేలా ఉండాలి. ఇందులో బాగా తిప్పినవాడు ఛత్రపురం రోడ్డుమీద నిజం బండి తిప్పగలడనీ అనుకోకండి. ఆ దూది మెత్తదనం పోల్చుకోవడం వరకూ చేతికి వస్తుందేమో గానీ, ఎదురుగా వచ్చే ఆవునీ, అడ్డంగా దూరే ఆటోనీ ఏ ఆటా నేర్పదు. లైసెన్సుకి ముందు తాళాలు ఇవ్వనవసరం లేదు.

కుదిరిన అంకెలన్నీ కారు పేరుతో సహా ఒక కాగితంమీద తేదీ వేసి రాసి పెట్టుకోండి. ఒక్కోసారి ఒక్క అంకె మాత్రమే మార్చి, రెండు చుట్లు తిరిగి చూసి, అప్పుడు ఇంకోటి ముట్టుకోండి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయినప్పుడు ఒక్కోసారి అన్నీ మొదటికి వచ్చేస్తాయి. మావాడి కాగితం ఇప్పుడు బావగారి పాత ట్రిప్పు షీట్ల అట్టకి క్లిప్పు పెట్టి ఉంది.