దిష్టిబొమ్మకు చెల్లెలు

పింగాణీ బొమ్మ అంటే ఎక్కడిదో అనుకోకండి. ఎవరి పెళ్లికో గిఫ్టుగా వచ్చి, గౌను తొడుక్కుని, టోపీ పెట్టుకుని, షోకేసు అద్దం వెనక ఏళ్ల తరబడి దుమ్ము తింటూ నిలబడే దొరసాని ఉంటుందే, అదే. ఇల్లు మారేటప్పుడో, చెయ్యి విరిగినప్పుడో అది పాత సామాన్ల కొట్టుకు చేరుతుంది. కోవిల్‌పట్టిలో నాకు ఒకటి నలభై రూపాయలకు దొరికింది. విరుదునగర్‌లో ఇత్తడి చెంబుల మధ్య ఇంకో రెండు కనిపిస్తే బేరమాడి తెచ్చాను. వీటికి రంగు మార్చి, చూస్తే గుండె ఝల్లుమనేలా తయారుచేయడం విదేశాల్లో చాలామందికి సరదా. నేను మా మేడమీద చేస్తున్నాను.

అసలు బొమ్మను చూస్తే భయమెందుకు వేస్తుంది? జపాన్‌లో మసాహిరో మోరి అనే రోబో శాస్త్రవేత్త 1970లో ఒక మాట చెప్పారు. బొమ్మ మనిషికి దగ్గరయ్యేకొద్దీ మనకు ముద్దొస్తుంది, కానీ దాదాపు మనిషిలాగే ఉండి ఎక్కడో కొంచెం తేడా కొట్టిందంటే ఆ ముద్దు కాస్తా ఒక్కసారిగా జంకుగా మారుతుంది అని. మెరుపు పూత లేని పింగాణీ మనిషి చర్మంలాగే మెత్తగా కనిపిస్తుంది, ముట్టుకుంటే మాత్రం చల్లగా ఉంటుంది. తేడా అక్కడే ఉంది. సినిమావాళ్లకు ఇది బాగా తెలుసు. అనబెల్ బొమ్మ కథకు మూలమైన అసలు బొమ్మ ఎర్ర నూలు జుట్టున్న మామూలు గుడ్డబొమ్మ. 2013లో వచ్చిన కాంజ్యూరింగ్ సినిమాలో దాన్ని పింగాణీ మొహంగా మార్చేశారు. గుడ్డబొమ్మకు అంతమంది భయపడరని వాళ్ల లెక్క అయ్యుండాలి.

అందుకే చాలామంది అనుకున్నట్టు రక్తం పూసేయడం కాదు పని. తక్కువ మార్చాలి. కంటిపాపలో తెల్లచుక్క ఒకటి ఉంటుంది చూడండి, వెలుగు పడ్డట్టు. దాన్ని నల్లరంగుతో చెరిపేస్తే చాలు, అంతసేపూ నవ్విన మొహం చచ్చిపోతుంది. నాకు తెలిసిన కిటుకుల్లో ఇదే గొప్పది.

మిగతాదంతా ఓపిక. బట్టలు, జుట్టు తీసేసి, తల వరకు సబ్బునీళ్లతో తుడవాలి. ఒళ్లు గుడ్డదైతే తడవనివ్వద్దు, లోపల బూజు పడుతుంది. మెరుపు పూత మీద రంగు నిలవదు, గోరుతో గీకితే ఊడొస్తుంది. కాబట్టి సన్నరకం ఉప్పుకాగితాన్ని నీళ్లలో ముంచి మెల్లగా రుద్దాలి. పొడిగా రుద్దకండి. పాతరంగుల్లో సీసం ఉండొచ్చు, ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నియమం 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది, ఈ బొమ్మలేమో అంతకన్నా పాతవి. ముక్కుకు గుడ్డ చాలదు, సన్న ధూళిని ఆపే మాస్కు పెట్టుకోండి.

తర్వాత తెల్ల ప్రైమర్, దానిపైన అక్రిలిక్ రంగు పల్చగా రెండు మూడు పూతలు. ఒక్కసారే చిక్కగా వేస్తే ముక్కు, పెదవులు పూడిపోతాయి. కోరలకు ఎం-సీల్. రెండు ముద్దలూ బాగా పిసికి, గట్టిపడేలోపే చేసేయాలి. చివర్లో గోధుమరంగు నీళ్లలా కలిపి మొహమంతా పూసి, వెంటనే గుడ్డతో తుడిస్తే, పల్లాల్లో మాత్రం మురికిలా నిలుస్తుంది. వందేళ్ల వయసు వచ్చేస్తుంది. పగుళ్ల గీతలకు నేను ఇంటర్నెట్టు చూడలేదు. చిత్తిరై ఎండల్లో మా కరిసల్ చేను చూశాను. నల్లరేగడి ఎండినప్పుడు పగులు తిన్నగా పోదు, వంకరగా పోయి ఇంకో పగులును అడ్డంగా కలుస్తుంది. అదే బుగ్గ మీద సన్న కుంచెతో గీశాను.

ఇంట్లో గొడవ ఇక్కడే మొదలైంది. పగిలిన బొమ్మ ఇంట్లో ఉంటే దరిద్రమని అమ్మ. అది కాక, ఆడపిల్ల చేయాల్సిన బొమ్మలేనా ఇవి అని. నేను వీధిలోకి చూపించాను. ఎదురుగా కడుతున్న ఇంటికి వేలాడుతున్నదేమిటి? గుడ్లురిమే కళ్లు, కోరలు, బయటికి చాచిన నాలుక. మనం దిష్టిబొమ్మ అంటాం, తమిళంలో తిరుష్టి బొమ్మై అంటారు, మొహం మాత్రం ఒకటే. బూడిదగుమ్మడికాయకు కూడా అదే మొహం రాస్తాం. గుడి తోరణం మీద కీర్తిముఖం అంతకన్నా పాతది. రాహువును మింగమని శివుడు పుట్టించిన భూతం, అతన్ని వదిలేయమన్నాక ఆకలికి తన ఒళ్లు తానే తినేసి, మొహం మాత్రం మిగిలిందని స్కాంద పురాణ కథ. ఆ మొహానికే గుమ్మం మీద చోటిచ్చారు.

అయితే దిష్టిబొమ్మకు మీసాలుంటాయి. కాపలా మగవాడిది, షోకేసు ఆడబొమ్మది. నేను ఈ మాట అనగానే అంతవరకూ పలక్కుండా కూర్చున్న అవ్వ, "ఏమే, ఇసక్కిని మరిచిపోయినావా?" అంది. నిజమే. మా దక్షిణ జిల్లాల్లో ఊరి పొలిమేరన ఇసక్కి అమ్మన్ ఉంటుంది, చేతిలో ఒక బిడ్డ, నోట ఒక బిడ్డ. పిల్లలు కావాలని మొక్కేదీ ఆవిడకే. భయపెట్టే రూపానికే బిడ్డను అప్పగించడం ఎలా కుదురుతుందో అవ్వను అడిగితే, "భయపడేది వచ్చేవాడు కదే, మనం కాదు" అంది.

అమ్మ ఇంకా ఒప్పుకోలేదు. అవ్వ మాత్రం ఒక షరతు పెట్టింది. బొమ్మ గడప బయట ఉండాలి, మొహం వీధివైపు తిరిగి ఉండాలి, లోపలికి చూడకూడదు. ఇప్పుడు మేడమెట్ల పిట్టగోడ మీద, చేయి లేని దొరసాని పాలవాడి వైపు చూస్తూ కూర్చుంది. రెండోదానికి కోరలు ఆరుతున్నాయి. మీ ఇళ్లలో చెయ్యి, కాలు విరిగినవి ఉంటే పారేయకండి, డిపార్టుమెంటులో నాకివ్వండి.