అమలు తేదీ – ఆంగ్ల క్రియ

ఒక మార్చి నెలలో హనుమకొండ నుండి విశ్రాంత ఉపాధ్యాయులొకరు ఒక ఇంగ్లీషు ఉత్తరువును తీసికొని నాయొద్దకు వచ్చిరి. పెరిగిన పింఛను జనవరి 1 నుండి ‘విల్ టేక్ ఎఫెక్ట్’ అని అందున్నది. “గడచిన జనవరియా, రాబోవు జనవరియా?” అని వారి ప్రశ్న. సంవత్సరము వేయలేదు. వ్రాసిన గుమాస్తా ఉద్దేశము గడచిన జనవరియే; క్రియ మాత్రము రాబోవుదానిని చూపుచున్నది. పన్నెండు నెలల హెచ్చు సొమ్ము ఒక చిన్న ‘విల్’ చేతిలో చిక్కుకొన్నది!

ఈ చిక్కు కొంత మన తెలుగు నుండియే వచ్చినది. ‘అమలులోనికి వచ్చును’ అను మన రూపము రేపటికిని చెల్లును, నిత్యము జరుగుదానికిని చెల్లును. ఇంగ్లీషు అట్లు ఊరుకొనదు. వ్రాయు దినమున నిలిచి, ఆ తేదీ ముందున్నదో వెనుకనున్నదో చూడుమనును.

ముందున్న తేదీకి ‘విల్ టేక్ ఎఫెక్ట్’ సరియే. తేదీ నిశ్చయమైనచో ‘టేక్స్ ఎఫెక్ట్’ అను వర్తమానమును చెల్లును. రేపటి బండిని గూర్చి ‘ది ట్రెయిన్ లీవ్స్ ఎట్ సిక్స్’ అనుట లేదా? గడచిన తేదీకి ‘టుక్ ఎఫెక్ట్’. నాటి నుండి నేటికిని సాగుచున్నదానికి ‘హాజ్ బీన్ ఇన్ ఫోర్స్ సిన్స్’. మనవారు ఎక్కువగా జారునది ఇచ్చటనే. ‘నుండి అమలులో ఉన్నది’ అను తెలుగు చెవిలో మ్రోగుచుండగా ‘ఈజ్ ఇన్ ఫోర్స్ సిన్స్’ అని వ్రాసివేయుదురు.

‘షల్’ శాసనముల సొత్తు. అందు కాలము కంటె ఆజ్ఞ యెక్కువ. 1949 నవంబరు 26న ఆమోదించిన మన రాజ్యాంగములో 394వ అధికరణము, కొన్ని అధికరణములు వెంటనే, తక్కినవి 1950 జనవరి 26న ‘షల్ కమ్ ఇన్‌టు ఫోర్స్’ అని శాసించినది. తెలంగాణ సంగతి చూడుడు. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టమునకు 2014 మార్చి 1న రాష్ట్రపతి ఆమోదము లభించినది. నియమిత దినము జూన్ 2. నడుమనున్న ఏప్రిల్‌లో వరంగల్లు విద్యార్థి ‘విల్ బి ఫార్మ్‌డ్’ అని వ్రాసియున్నచో తప్పు లేదు. నేడు ‘వాజ్ ఫార్మ్‌డ్’ అనియే వ్రాయవలెను. చట్టములో మాత్రము ఇప్పటికిని ‘షల్ బి ఫార్మ్‌డ్’ అనియే యుండును. దానిని చూచి వ్యాసములో దించుకొనరాదు.

ఇక ఉపాధ్యాయుల ఉత్తరువు. వెనుకటి తేదీ నుండి వర్తించు ఉత్తరువులకు ‘హాజ్ బీన్ రివైజ్డ్ విత్ ఎఫెక్ట్ ఫ్రమ్’ అని వ్రాసి, తేదీతోపాటు సంవత్సరమును వేసినచో ఏ పేచీయు లేదు. ‘విత్ ఎఫెక్ట్ ఫ్రమ్’లో క్రియయే లేదు గదా! వారు ఆ మాటలను ఒక చీటీపై నాచేత వ్రాయించుకొని, మరల కార్యాలయము దారి పట్టిరి.