కంటికి కనపడని ఫోకస్

ఇద్దరు స్నేహితులు పక్కపక్కన నిలబడ్డారు. ఎదుటి మనిషి కాంటాక్స్ జీ2 కెమెరా ఎత్తి, ఇద్దరూ ఫ్రేములో సరిగ్గా వచ్చేలా చూసుకుని బటన్ నొక్కాడు. వ్యూఫైండర్‌లో ఇద్దరి ముఖాలూ తేటగానే ఉన్నాయి. రీలు కడిగించాక చూస్తే ముఖాలు మసకబారి ఉన్నాయి, వెనక గోడకున్న క్యాలెండర్ మాత్రం అంకెలతో సహా స్పష్టంగా పడింది.

ఇలాంటి ఫొటో చూసిన చాలామంది కెమెరా ఆటోఫోకస్ చెడిపోయిందనుకుంటారు. నిజానికి అది చెయ్యాల్సిన పని చేసింది. ఫ్రేము నట్టనడుమ ఉన్న చిన్న గుర్తు ఇద్దరి మధ్య సందులోంచి గోడ మీద పడింది, కెమెరా గోడ దూరాన్ని కొలిచింది. తప్పంతా వ్యూఫైండర్‌ని నమ్మడంలోనే ఉంది.

ఎస్సెల్లార్ కెమెరాలో లెన్స్‌లోంచి వచ్చిన బొమ్మే కంటికి చేరుతుంది కాబట్టి ఫోకస్ తప్పితే అక్కడికక్కడే తెలిసిపోతుంది. జీ2 లాంటి రేంజ్‌ఫైండర్ తీరు వేరు. చూసే కిటికీ వేరు, ఫొటో తీసే లెన్స్ వేరు. లెన్స్ ఎక్కడ ఆగినా కిటికీలో దృశ్యం ఒకేలా ఉంటుంది. 1954లో వచ్చిన లైకా ఎం3 లాంటి కెమెరాల్లో నడిమధ్యన ఒకే వస్తువు రెండు బొమ్మలుగా కనిపిస్తుంది. లెన్స్ రింగు తిప్పుతూ ఆ రెంటినీ ఒకదాని మీద ఒకటి కలిపితే ఫోకస్ కుదిరినట్టు. కలిసిందీ లేనిదీ కన్నే చెబుతుంది. జపాన్ కంపెనీ క్యోసెరా 1994లో తెచ్చిన కాంటాక్స్ జీ1, 1996లో తెచ్చిన జీ2 ఆ పనిని కంటి చేతిలోంచి తీసుకుని ఎలక్ట్రానిక్స్‌కి అప్పగించాయి. అప్పగింత బాగానే జరిగింది కానీ, పని సరిగ్గా అయిందో లేదో చూసుకునే వీలు మనిషికి తగ్గిపోయింది.

ఈ కెమెరా దూరాన్ని ఎలా కొలుస్తుందో తెలియాలంటే ముఖం ముందు వేలు నిలిపి, ఒక కన్ను మూసి తెరిచి, రెండో కన్ను మూసి తెరవాలి. వేలు అటూ ఇటూ జరిగినట్టు కనిపిస్తుంది. వేలు దగ్గరగా ఉంటే ఎక్కువ, దూరంగా ఉంటే తక్కువ. కెమెరా ముఖాన ఉన్న రెండు చిన్న కిటికీలు చేసేదీ ఇదే. రెండు కిటికీల్లోంచి పడిన బొమ్మలు ఒకదానికొకటి ఎంత పక్కకు జరిగాయో చూసి దూరం లెక్కకడుతుంది.

బొమ్మలు పక్కకు జరగడమే ఈ లెక్కకు ఆధారం కాబట్టి దానికి నిలువు గీత కావాలి. గుమ్మం అంచు, ముక్కు పక్క నీడ, చొక్కా బొత్తాల పట్టీ ఏదైనా సరే. ఉత్త సున్నపు గోడా, మబ్బు కమ్మిన ఆకాశమూ దానికి చిక్కవు. అడ్డచారల చొక్కా మరీ చిక్కు. చారలు పక్కకు ఎంత జరిగినా అలాగే కనిపిస్తాయి మరి. అప్పుడు కెమెరాని నిలువుగా తిప్పి, బటన్ సగం నొక్కి పట్టి, మళ్లీ అడ్డంగా పెట్టి తీస్తే పనవుతుంది.

జీ2లో దీనికి తోడు ఇన్‌ఫ్రారెడ్ కిరణం కూడా ఉంది. కిరణాన్ని వదిలి, వస్తువుకు తగిలి తిరిగొచ్చిన వెలుగును బట్టి దూరం పసిగడుతుంది. చీకటి గదిలోనూ ఉత్త గోడ మీదా అక్కరకొచ్చేది ఇదే. మరీ దూరపు వస్తువుల నుంచి కిరణం తిరిగి రాదు, అక్కడ మళ్లీ రెండు కిటికీల లెక్కే దిక్కు. జీ1లో ఈ సాయం లేదు. పైగా జీ1 బటన్ సగం నొక్కినప్పుడు దూరం కొలిచి ఊరుకుంటుంది, పూర్తిగా నొక్కాకే లెన్స్ కదులుతుంది. సగం నొక్కినప్పుడు మోటారు చప్పుడు వినిపించలేదని కంగారు పడనక్కర్లేదు.

కన్ను చెప్పలేనిది చెప్పడానికి జీ2లో ఒక సాధనం ఉంది. కొత్తగా కొన్నవాళ్లు సాధారణంగా దాన్ని పట్టించుకోరు. వ్యూఫైండర్ కింది అంచున మీటర్లలో దూరం చూపే స్కేలు వెలుగుతుంది. మనిషి రెండు మీటర్ల దూరంలో ఉండగా స్కేలు ఐదు చూపిస్తే గుర్తు వెనక్కి జారిందన్నమాట. బటన్ వదిలి, ముఖం మీద గుర్తు పెట్టి మళ్లీ కొలవాలి. క్షణంలో అయ్యే పని. దూరాన్ని కంటితో ఉజ్జాయింపుగా అంచనా కట్టడం అలవాటైతే ఈ కెమెరా నిజంగా చేతికొచ్చినట్టే.

అన్ని లెన్స్‌లకూ ఇంత జాగ్రత్త అక్కర్లేదు. 28 ఎంఎం బయోగాన్‌ని ఎఫ్8 దగ్గర పెట్టి మూడు మీటర్లకు ఫోకస్ చేస్తే, దాదాపు ఒకటిన్నర మీటర్ల నుంచి ముప్పై మీటర్లు దాటేదాకా స్పష్టంగానే ఉంటుంది. కొలతలో కాస్త తేడా వచ్చినా ఫొటోలో కనపడదు. అదే 90 ఎంఎం సోనార్‌ని ఎఫ్2.8 దగ్గర వాడి రెండు మీటర్ల దూరంలోని ముఖాన్ని తీస్తే, స్పష్టంగా ఉండేది సుమారు ఎనిమిది సెంటీమీటర్ల మందమే. కన్ను తేటగా ఉండి చెవి మసకబారేంత తక్కువ.

క్యోసెరా 2005లో కాంటాక్స్ కెమెరాలకు స్వస్తి చెప్పింది కాబట్టి ఇప్పుడు దొరికేవన్నీ పాతవే. జీ2 కొనేముందు రీలు వెయ్యకుండానే ఆటోఫోకస్‌ని పరీక్షించుకోవచ్చు. టేపుతో గుమ్మం అంచు నుంచి రెండు మీటర్లు కొలిచి నిలబడి, గుర్తును ఆ నిలువు అంచు మీద పెట్టి, బటన్ సగం నొక్కి స్కేలు చూడాలి. తర్వాత ఒక మీటరు దూరంలో, ఆ తర్వాత వీధి చివరి కరెంటు స్తంభం మీద అదే పని చెయ్యాలి. మూడుసార్లూ స్కేలు దూరానికి తగ్గట్టు మారితే కొలిచే భాగం సవ్యంగా ఉన్నట్టే. లెన్స్ అదే చోట ఆగుతోందో లేదో మాత్రం ఒక రీలు తీసి చూస్తేనే తేలుతుంది.