నడిగడ్డ మట్టి, నడిసంద్రం అడుగు

కృష్ణ మీది జూరాల ప్రాజెక్టు గేట్లు ఎత్తారని తెలిస్తే గద్వాల, వనపర్తి జనం పిల్లాజెల్లాతో చూడబోతారు. అందరి చూపూ నీళ్ల మీదే. నాకు మాత్రం ఆ నీళ్లను ఎర్రబరిచే మట్టి మీద మనసు. అది ఎక్కడిదాకా పోతుందో, సముద్రం అడుగున దాన్ని ఎవరు సర్దుతారో చెప్పే విశేషాలు ఇవి.

◆ కృష్ణ ఒండ్రుకు ఓ ఆనవాలుంది. నది నల్లరేగడి సీమల మీదుగా వస్తుంది కాబట్టి అందులో స్మెక్టైట్ అనే బంకమన్ను ఎక్కువ. తడిస్తే ఉబ్బి, ఎండితే నెర్రెలు బాసే గుణం దానిదే. హిమాలయాల నుంచి గంగా, బ్రహ్మపుత్ర మోసుకొచ్చే మట్టిలో ఇల్లైట్, క్లోరైట్ ఎక్కువ. అందుకే బంగాళాఖాతం అడుగు మట్టిని పరీక్షించి, అది ఏ నది వెంట వచ్చిందో చెప్పగలుగుతున్నారు.

◆ ఖండతీరపు వాలు మీద పేరుకున్న మట్టి ఒక్కోసారి జారి, బురద ప్రవాహమై లోతుకు ఉరుకుతుంది. 1929 నవంబరు 18న కెనడా తూర్పు తీరాన గ్రాండ్ బ్యాంక్స్ దగ్గర భూకంపం వచ్చాక, సముద్రం అడుగున వేసిన 12 టెలిగ్రాఫ్ తీగలు తెగాయి. వాలుకు దిగువన ఉన్నవి ఒకదాని తర్వాత ఒకటిగా గంటల తేడాతో పోయాయి. ఏ తీగ ఏ క్షణంలో మూగబోయిందో రికార్డుల్లో ఉంది. హీజెన్, యూయింగ్ అనే శాస్త్రవేత్తలు 1952లో ఆ వేళలను బట్టే బురద వేగం లెక్కగట్టారు.

◆ సముద్రపు లోతుల్లో నీరు కదలదని చాలాకాలం నమ్మారు. నిజానికి అంటార్కిటికా చుట్టూ చల్లబడి బరువెక్కిన నీరు అడుగుకు దిగి, మహాసముద్రాల్లో చాలా దూరం పాకుతుంది. శ్రీలంకకు తూర్పుగా మన బంగాళాఖాతంలోకీ వస్తుంది. భూభ్రమణం వల్ల ఇలాంటి లోతు ప్రవాహాలు వాలుకు అడ్డంగా, ఒకే లోతు పట్టుకుని ఖండం అంచు వెంబడి సాగుతాయి. అవే అంచుల్లోని మట్టిదిబ్బలను మలుస్తాయని హీజెన్, హోలిస్టర్, రడ్డిమన్ 1966లో ‘సైన్స్’ పత్రికలో రాశారు. ఇలా చేరిన మట్టికి కాంటూరైట్ అని పేరు. చాలాచోట్ల వీటి వేగం సెకనుకు 10, 20 సెంటీమీటర్లే. అయినా లక్షల ఏళ్లపాటు ఆగకుండా పారి వందల మీటర్ల ఎత్తు, వందల కిలోమీటర్ల పొడవు దిబ్బలు కట్టాయి.

ప్రవాహం చాటతో చెరిగినట్టు సన్నమట్టిని ఎగరేసుకుపోయి, బరువైన రేణువులను అక్కడే వదిలేస్తుంది. 10 నుంచి 63 మైక్రాన్ల మధ్య ఉండే రేణువుల సగటు పరిమాణం పెరిగిందంటే, ఆ కాలంలో ప్రవాహం జోరు పెరిగిందని అర్థం. వేల ఏళ్ల కిందటి నీటి వేగాన్ని పిడికెడు మట్టిలో చదవగలగడం నాకు ఎంతో గొప్పగా తోస్తుంది.

◆ ఈ చదువుకు నాగర్‌కర్నూల్ జిల్లాలోనే పాఠం ఉంది. అమ్రాబాద్ వైపు నల్లమలలో కనిపించే శ్రీశైలం క్వార్ట్‌జైట్ ఒకప్పటి తీరపు ఇసుక. అది గట్టిపడి వంద కోట్ల ఏళ్లు దాటింది. దాని పలకల మీద అక్కడక్కడ నీటి అలలు గీసిన గీతలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. గీతకు రెండు పక్కలా తడిమి చూడండి. రెండు వాలులూ సమానంగా ఉంటే నీరు ముందుకూ వెనక్కూ ఊగింది. ఒక పక్క నిటారుగా ఉంటే నీరు ఆ పక్కకే పారింది. వేల మీటర్ల లోతుకు కెమెరాలు దించి తీసిన ఫొటోల్లో ఇలాంటి గీతలే బయటపడ్డాయి. అడుగున నీరు పారుతోందని శాస్త్రవేత్తలను ఒప్పించిన సాక్ష్యాల్లో అదొకటి.

◆ గద్వాల రాళ్లది ఇంకా పాత కథ. ఇక్కడి శిలల్లో బోనినైట్ అనే అరుదైన లావారాయి ఉన్నట్టు హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు 2005లో ప్రకటించారు. జపాన్‌కు దక్షిణాన, పసిఫిక్‌లో ఉన్న బోనిన్ దీవుల మీదుగా ఈ రాతికి ఆ పేరొచ్చింది. గద్వాల చుట్టూ ఉన్న నడిగడ్డలోని ఈ రాళ్లు 250 కోట్ల ఏళ్ల కంటే ముందే సముద్రం నడుమ పుట్టాయన్నది వారి మాట.

◆ 2006లో జాయిడెస్ రిజల్యూషన్ అనే ఓడ కృష్ణా–గోదావరి తీరానికి దూరంగా, కిలోమీటరు లోతు నీటిలో తవ్వింది. బంకమట్టి పగుళ్లలో మంచులా గడ్డకట్టిన మీథేన్ 128 మీటర్ల మందాన దొరికింది. 2015లో చిక్యు ఓడ ఇసుక పొరల్లోనూ దాన్ని కనుగొంది. ఆ ఇసుకను అంత లోతుకు చేర్చింది వెనకటి బురద ప్రవాహాలే.

◆ అడుగు ప్రవాహాలు ప్లాస్టిక్‌నూ పోగేస్తాయి. ఇటలీ పక్కన టైరేనియన్ సముద్రంలో ఒక చదరపు మీటరు అడుగుమట్టిలో, 5 సెంటీమీటర్ల పొరలోనే 19 లక్షల సూక్ష్మ ముక్కలు ఉన్నట్టు 2020లో తేలింది.

◆ మన మట్టి మాత్రం ఇప్పుడు అంతదూరం పోవడం లేదు. శ్రీశైలం జలాశయం కట్టినప్పుడు దాని సామర్థ్యం 308 టీఎంసీలు. పూడిక వల్ల అది 215.8కి పడింది. అంటే తొమ్మిది జూరాలలు పట్టేంత జాగా మట్టిపాలైంది. జలాశయం వెనక సోమశిల దగ్గర వేసవిలో నీళ్లు దిగినప్పుడు తేలే ఒండ్రు ఆ మట్టే. 1966–69లో కృష్ణ ఏటా 90 లక్షల టన్నుల మట్టిని దిగువకు చేర్చేది. 2000–05 నాటికి అది 4 లక్షల టన్నులకు తగ్గింది. కృష్ణా, గోదావరి డెల్టాల తీరం 1965 నుంచి 2008 దాకా ఏడాదికి సగటున 76 హెక్టార్ల చొప్పున సముద్రంలో కలిసిపోయింది.