బిడ్డకు చేతనైనదెంత?

తలకు దెబ్బ తగిలిన బిడ్డనో, పుట్టుకతో కాలూ చెయ్యీ స్వాధీనంలో లేని బిడ్డనో చూసి “వీడికేమీ చేతకాదు” అనేస్తూంటాం. ఏది చేతనవును, ఏది కాదు అన్నది విడివిడిగా చూడాలి. ఇందుకోసం 1992లో అమెరికాలో ‘పెడి’ అనే కొలమానం వెలువడింది. ఆరు నెలల నుంచి ఏడున్నరేళ్ల దాకా పిల్లలకిది. తన పనులు చేసుకోవడం, కదలడం, నలుగురితో మెలగడం - వీటిపై 197 అంశాలున్నాయి. చేయగలిగితే ఒకటి, లేకుంటే సున్న. పెద్దల సాయం ఎంత కావాలన్నది వేరే లెక్క.

జవాబు చెప్పేది చాలావరకు తల్లే. మరి రోజూ తొందరకొద్దీ చొక్కా మీరే తొడిగేస్తుంటే, వాడు చెయ్యి దూర్చుకోగలడో లేదో మీకెలా తెలుస్తుంది? ఒక్క పూట ఆగి చూడండమ్మా! కొన్నాళ్లకు మళ్లీ లెక్క వేసినప్పుడు ఒక్క సున్న ఒకటైనా, అది బిడ్డ ముందుకు వేసిన అడుగే.