కృష్ణ దాటి, కడలి దాటి: విదేశ పరిచర్యపై అపోహలు – వాస్తవములు

హైదరాబాదునుండి కర్నూలునకు పోవు రాజమార్గము బీచుపల్లి యొద్ద కృష్ణను దాటును. ఆంజనేయస్వామి క్షేత్రముగా, పుష్కర ఘట్టముగా ఈ గ్రామము తెలుగువారికి సుపరిచితమే. కాని ఈ వంతెనకు ఆవలనున్న వనపర్తి, నాగర్‌కర్నూలు, ఈవలనున్న గద్వాల ప్రాంతములు ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున పాశ్చాత్య క్రైస్తవ పరిచారకుల కార్యక్షేత్రములై యుండెనన్న సంగతి ఈ దారిని పోవువారిలో బహుకొద్దిమందికే తెలియును. అమెరికను బాప్టిస్టులును, రష్యానుండి అమెరికాకు వలసపోయిన కుటుంబములవారైన మెన్నోనైట్ బ్రెదరన్ సంఘమువారును ఇచట పనిచేసిరి. 1937లో గద్వాల క్షేత్రము మొదటివారినుండి రెండవవారికి సంక్రమించెను. ఈ చరిత్ర మరుగున పడినందుననే విదేశ పరిచర్యను గూర్చి మన సంఘములలో కొన్ని అపోహలు స్థిరపడినవని నా నమ్మకము.

అపోహ: మిషనరీ యనగా సముద్రము దాటి మనయొద్దకు వచ్చు తెల్లదొర.

మనవారును సముద్రము దాటిరి. 1860 మొదలు 1911 వరకు లక్షన్నరకు పైబడిన భారతీయులు ఒప్పంద కూలీలుగా దక్షిణాఫ్రికాలోని నేటాలునకు ఓడలెక్కిరి. చెన్నపట్టణపు రేవునుండి పోయినవారిలో తెలుగువారు వేలకొలదిగా నుండిరి. చెరకు తోటలలో, తేయాకు తోటలలో చెమటోడ్చుచున్న ఆ ప్రజలకు తమ భాషలో వాక్యము చెప్పు బోధకుడు కావలసివచ్చినపుడు, నెల్లూరు ప్రాంతపు తెలుగు బాప్టిస్టులు తమ సొంత మిషను సొసైటీ పక్షమున 1903లో జాన్ రంగయ్యగారిని సకుటుంబముగా పంపిరి. ఆ సంవత్సరాంతమునకే కియర్స్నీ తేయాకు తోటలో తెలుగు సంఘ మొకటి వెలసెను. 1915లో కన్నుమూయువరకు ఆయన ఆ కూలిజనుల నడుమనే పనిచేసెను. పేద సంఘములు తమ కానుకలతో ఒక కుటుంబమును ఖండాంతరమునకు పంపిన ఈ వృత్తాంతము మన ఆదివారపు పాఠశాలల్లో చెప్పవలసినది. చెప్పకుండుట నాకు మిక్కిలి బాధ కలిగించుచున్నది.

అపోహ: విమానమెక్కి పదిదినములు సేవచేసి వచ్చినచో ఆత్మీయ జీవనము దానంతట అదే వృద్ధినొందును.

డాక్టరు కాతరీనా షెల్లెన్‌బర్గు రష్యాలో జన్మించి, బాల్యమున అమెరికా చేరి, అచట వైద్యవిద్య ముగించి 1907లో తెలుగుదేశమునకు వచ్చెను. 1945 జనవరి 1వ తేదీన ఈ రాజమార్గము మీదిదే యగు శంషాబాదులో మరణించువరకు, ముప్పదియేడు సంవత్సరముల కాలములో, ఆమె విరామమునకై స్వదేశమునకు వెళ్లినది ఒక్కమారే యని చెప్పుదురు. భాష నేర్చుట, రోగి చెప్పినదానిని మరల మరల విని నాడి చూచుట, మరునాడును అదే పని చేయుట – ఆత్మకు ఓర్పును, వినయమును నేర్పునది ఈ నిత్యకృత్యమే గాని, ప్రయాణము కాదు. పదిదినముల యాత్ర నిష్ప్రయోజనమని నే ననను. చూచివచ్చిన కన్నులు పిదప ప్రార్థించు తీరు మారవచ్చును. అయినను ఊరి మేస్త్రి పనిలేక కూర్చుండగా అతిథులు ప్రార్థనామందిరపు గోడలకు రంగులు వేసి ఛాయాచిత్రములు తీసికొని పోవుట సేవయని నేను ఒప్పుకొనజాలను.

అపోహ: వచ్చినవాడు గురువు, ఉన్నవారు శిష్యులు.

ఈ భ్రమను పటాపంచలు చేయు ఉదంత మొకటి ఈ తెలంగాణమునందే జరిగెను. శంషాబాదులో మిషనరీ దంపతులకు 1932లో జన్మించిన పాల్ హీబర్టు పెద్దవాడై తానును మిషనరీగా తిరిగివచ్చి, అనంతరము మానవశాస్త్రవేత్తయై, పాలమూరు ప్రాంతపు కొండూరు గ్రామముపై 1971లో ఒక గ్రంథము వెలువరించెను. ఆయన తన రచనలలో ముచ్చింతలను గూర్చి చెప్పిన కథ యిది: ఊరిలో మశూచి సోకినది; అమ్మవారు కోపించినదని, శాంతికై దున్నపోతును బలియీయవలెనని ఊరివారు చందాలు వసూలు చేయుచుండిరి; క్రైస్తవులు చందా ఈయనందున ఊరంతయు వారిపై ఆగ్రహించినది; అంతలో ఒక క్రైస్తవ బాలికకే వ్యాధి తగిలినది. సంఘపెద్ద కాలినడకన వచ్చి ప్రార్థనకై వేడుకొనగా, పాశ్చాత్య విద్యాలయములలో చదివిన ఆ పండితునికి తన చదువంతయు వెదకినను తగిన సమాధానము కానరాలేదు. ప్రార్థించెను. బాలిక మరణించెను. విశ్వాసము భగ్నమైనదని ఆయన కుంగిపోవుచుండ, ఆ పెద్ద మరల వచ్చి, సమాధి కార్యక్రమములో తాము చూపిన పునరుత్థాన నిరీక్షణను కన్న ఊరివారు ఈ మార్గమును గూర్చి అడుగ మొదలిడిరని సంతోషముతో తెలిపెను. మరణము నెదుట నిలుచుట ఎట్లో ఆనాడు నేర్పినవాడు అక్షరజ్ఞానము గల దొర గాడు, కాలినడకన వచ్చిన గ్రామీణుడు. హీబర్టు ఈ సంగతిని దాచక లోకమునకు చెప్పి, 1982లో ప్రకటించిన ప్రసిద్ధ వ్యాసమున పాశ్చాత్యుల లోకదృష్టిలోని లోపమును తానే ఎత్తిచూపెను. ఆయన ఆత్మీయ వృద్ధికి ఇంతకంటె నిదర్శనము నాకు తోచదు.

అపోహ: సదుద్దేశము గలవానికి నిబంధనలతో పని లేదు.

పర్యాటక వీసాపై భారతదేశమునకు వచ్చి మతప్రచారము చేయరాదు; అందులకు మిషనరీ వీసా వేరుగా కలదు. 2010 నాటి విదేశీ విరాళముల నియంత్రణ చట్టము ననుసరించి నమోదు గాని, ముందస్తు అనుమతి గాని లేని సంస్థ విదేశీ విరాళమును స్వీకరింపరాదు. అతిథి వెళ్లుచు కాపరి చేతిలో పెట్టిపోవు కవరు ఆ కాపరినే చిక్కులలో పడవేయవచ్చును.

కనుక సేవకై విదేశమునకు బయలుదేరనున్న యువతీయువకులారా, టికెట్టు కొనుటకు ముందు ఆ దేశపు సంఘమునకు జాబు వ్రాసి, వారికి కావలసిన పని యేదో అడుగుడు. వారి భాషను కొన్ని మాసములైనను అభ్యసింపుడు. తగిన వీసాతోనే వెళ్లుడు.