మధుమేహపు మాత్ర – మగ్గము మీద ఆకలి

మన నేత కుటుంబములలో మధుమేహమునకు మాత్ర మ్రింగువారు ఇప్పుడు చాలామంది. తప్పక వేసుకొనుట మంచిదే. కాని మాత్ర వేసుకొని, "ఈ అంచు ముగించి తినెదను" అని మగ్గపు గుంటలోనే కూర్చుండిపోయినచో ప్రాణాపాయము.

మాత్రలన్నియు ఒక తీరువి కావు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడువారికి చక్కెర మరీ పడిపోవుట అరుదు. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వేరు జాతివి. ఇవి శరీరముచే ఇన్సులిన్ విడుదల చేయించును. మనము తింటిమా లేదా అని చూడవు. ఈ రెండు జాతులు కలిసిన మాత్రలును ఉన్నవి. కనుక అట్టమీది పేర్లన్నియు చదివించుకొనవలెను.

ఈ మందుల గుణము బయటపడినదే ఇట్టి ప్రమాదము వలన. 1942లో ఫ్రాన్సు దేశపు మోంపెలియే పట్టణమున జాంబోన్ అను వైద్యుడు టైఫాయిడ్ రోగులకు ఒక సల్ఫా మందు ఇచ్చెను. యుద్ధకాలము, తిండి కొరత. కొందరికి చక్కెర పడిపోయి మూర్ఛలు వచ్చెను, మరణించినవారును కలరు. లూబాతియేర్ అను శాస్త్రజ్ఞుడు ఆ గుణమును పరిశోధించిన మీదటనే అది మధుమేహ చికిత్సకు పనికివచ్చినది.

చక్కెర పడిపోవునపుడు చెమట, వణుకు, గుండెదడ, ఆకలి, పిమ్మట మాట తడబాటు కలుగును. మగ్గము మీద చెమట మామూలే గనుక మనవారు పట్టించుకొనరు. నాడె చేయి తప్పుచు, పోగులు వరుసగా తెగుచున్నచో కసరుకొనక ముందు మనిషి ముఖము చూడుడు. మూడు నాలుగు చెంచాల చక్కెర నీట కలిపి త్రాగింపుడు. పావుగంటలో తేరుకొననిచో మరల ఇయ్యుడు. తేరుకొనినంతనే సంగటియో అన్నమో పెట్టుడు. స్పృహ లేనివారి నోట ఏమియు పోయరాదు. 108కి ఫోను చేయుడు. తేరుకొనినను వైద్యునికి చూపవలెను, ఏలనన ఈ మాత్రల బలము గంటల తరబడి నిలిచి చక్కెర మరల పడవచ్చును. వృద్ధులకు, మూత్రపిండములు దెబ్బతిన్నవారికి ఈ భయము హెచ్చు.

శనివారము ఒక్కపొద్దు ఉండువారు ఆనాటి మాత్ర సంగతి ముందుగానే వైద్యుని అడుగవలెను. మానిన మాత్రకు బదులు రెండు వేసుకొనరాదు. సారాయి త్రాగి తిండి మానుట మరింత చెరుపు.

మన నంగలి వారికి ఇంకొక చిక్కు. ఒకసారి ములబాగిలు, మరొకసారి పలమనేరు వైద్యునికి చూపించుకొందుము. అట్టల మీద వ్యాపారపు పేర్లు వేరైనను లోపలి మందు ఒకటే కావచ్చును. ఎవరియొద్దకు పోయినను పాత చీటీలు, ఖాళీ అట్టలతో సహా తీసికొనిపోయి చూపుడు.